గ్రహ ఛాయాచిత్రాల ప్రామాణికత: ఔత్సాహిక ఖగోళ చిత్రణపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఔత్సాహిక ఖగోళ పరిశీలకులు సొంత టెలిస్కోపులతో తీస్తున్న గ్రహచిత్రాలు నేడు పరిశోధనకు ఆధారసామగ్రి అవుతున్నాయి. ఆ చిత్రాలు దాదాపు అన్నీ కంప్యూటరులో సంస్కరించినవే. అటువంటి చిత్రాన్ని సాక్ష్యంగా స్వీకరించవచ్చునా, స్వీకరిస్తే ఏ నియమాలకు లోబడి స్వీకరించాలి అనే ప్రశ్నను ఈ వ్యాసం ప్రాచీన గ్రంథాల పాఠపరిష్కరణతో పోల్చి చర్చిస్తుంది.

కీలకపదాలు: గ్రహచిత్రణ, ప్రామాణికత, ఫ్రేముల సంకలనం, ప్రక్షిప్తం, స్వతంత్ర సాక్ష్యం, పాఠపరిష్కరణ.

1. ఉపోద్ఘాతం

గురుగ్రహపు మేఘపట్టీలు, శని వలయాలు స్ఫుటంగా కనిపించే ఒక ఛాయాచిత్రాన్ని చూసినవారు సాధారణంగా అడిగే ప్రశ్న, "ఇది నిజంగా తీసిందా, కంప్యూటరులో చేసిందా?" అని. సంస్కరించని చిత్రం నిజమనీ, సంస్కరణ పెరిగినకొద్దీ నిజం తరుగుతుందనీ ఈ ప్రశ్న వెనుక ఒక భావన ఉంది. గ్రహ పరిశీలన చరిత్ర ఈ భావనను సమర్థించదు.

1877లో ఇటలీ ఖగోళజ్ఞుడు షాపరెల్లి అంగారకునిపై సన్నని గీతలను చూసి చిత్రించాడు. 1894లో అమెరికాలోని ఫ్లాగ్‌స్టాఫ్‌లో వేధశాల నెలకొల్పిన పెర్సివల్ లోవెల్ వాటిని బుద్ధిజీవులు తవ్విన కాలువలుగా వ్యాఖ్యానించాడు. 1905లో అదే వేధశాలలో లాంప్లండ్ అంగారకుని ఛాయాచిత్రాలు తీశాడు. బింబం అతి చిన్నది కావడంతో అందులో కాలువలు ఉన్నాయన్నవారూ లేవన్నవారూ తమ వాదాలకే కట్టుబడ్డారు. 1909లో ఆంటోనియాడి ఫ్రాన్సులోని మ్యూడాన్‌లో 83 సెంటీమీటర్ల టెలిస్కోపుతో చూసినప్పుడు ఆ గీతలు విడివిడి మచ్చలుగా, ఛాయాభేదాలుగా విడిపోయాయి. 1965లో మెరైనర్ 4 అంతరిక్షనౌక దగ్గరినుంచి పంపిన చిత్రాలలో కాలువలు కనిపించలేదు. ఇక్కడ ఏ కంప్యూటరూ లేదు. విడివిడి మచ్చలను గీతగా కలిపినవి మనిషి కన్ను, మనసు. అందువల్ల సంస్కరణ జరిగిందా లేదా అన్నది అసలు ప్రశ్న కాజాలదు. అది ఏ నియమాల ప్రకారం జరిగింది, దానిని తిరిగి పరీక్షించే వీలుందా అన్నవే విచారించవలసిన విషయాలు.

2. వేల ఫ్రేముల నుంచి ఒక చిత్రం

నక్షత్రాలు మిణుకుమనడానికి కారణమైన గాలి కదలికలే గ్రహబింబాన్నీ చెదరగొడతాయి. ఈ చెదురు క్షణక్షణానికీ మారుతుంది. మధ్యమధ్య కొన్ని క్షణాలపాటు గాలి నిలకడగా ఉండి బింబం స్పష్టంగా కనిపిస్తుంది. అటువంటి మంచి క్షణం లభించే సంభావ్యతను 1978లో డేవిడ్ ఫ్రీడ్ గణితపరంగా నిరూపించాడు. తెలుగు ప్రాంతాలవంటి ఉష్ణమండల ప్రదేశాలకు ఇందులో ఒక అనుకూలత ఉంది. ఇక్కడ గ్రహాలు ఆకాశంలో చాలా ఎత్తుకు వస్తాయి కనుక వాటి కాంతి తక్కువ మందం గల గాలిపొర గుండా ప్రయాణిస్తుంది.

పరిశీలకుడు గ్రహాన్ని వీడియోగా తీస్తాడు. సెకనుకు 100 ఫ్రేముల చొప్పున 100 సెకన్లు తీస్తే 10,000 ఫ్రేములు వస్తాయి. ఆటోస్టాకర్ట్ వంటి సాఫ్ట్‌వేర్ వాటిని స్పష్టత ననుసరించి వరుసపెడుతుంది. మేలైన పావువంతును, అంటే 2,500 ఫ్రేములను ఎన్నుకొని, ఒకదానిపై ఒకటి సరిగా పొసగేలా అమర్చి సగటు తీస్తారు. ఫ్రేముల్లోని యాదృచ్ఛిక దోషం, అంటే నాయిస్, ఫ్రేముల సంఖ్య వర్గమూలం మేరకు తగ్గుతుంది. 2,500 ఫ్రేములు కలిస్తే అది 50వ వంతుకు పడిపోతుంది.

తెలుగు పరిశోధకులకు ఈ పని కొత్తది కాదు. సి.పి. బ్రౌన్ కడపలో పండితులను నియమించి, ఒక్కొక్క గ్రంథానికి దొరికిన తాళపత్ర ప్రతులను సేకరింపజేసి, వాటిని సరిపోల్చి శుద్ధప్రతులు సిద్ధం చేయించాడు. ఏ ఒక్క ప్రతీ దోషరహితం కాదు. ఒక లేఖకుడు తప్పిన చోట మరొకడు తప్పకపోవడం వల్లనే సరైన పాఠం తేలుతుంది. ఆ శుద్ధప్రతి అంతకుముందు ఏ తాళపత్రంలోనూ యథాతథంగా లేదు. అంతమాత్రాన దానిని కల్పితమనలేము. వేల ఫ్రేములను కలిపి తీసిన గ్రహచిత్రమూ ఇటువంటిదే.

కాలం విషయంలో మాత్రం ఒక హద్దు ఉంది. గురుగ్రహం 10 గంటలలోపే తన చుట్టూ తాను తిరుగుతుంది. 100 సెకన్లలో బింబం మధ్యనున్న మేఘం సుమారు 0.4 ఆర్క్ సెకన్లు జరుగుతుంది. ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు. 280 మిల్లీమీటర్ల టెలిస్కోపు విడదీసి చూపగల అతి చిన్న కోణం కూడా దాదాపు అంతే. అంతకంటె ఎక్కువసేపు తీసినప్పుడు విన్‌జూపోస్ వంటి సాఫ్ట్‌వేర్‌తో గ్రహభ్రమణాన్ని లెక్కగట్టి సరిచేస్తారు. ఈ సవరణకు ఆధారం గ్రహభ్రమణ గణితం. కనుక దానిని ఎవరైనా తిరిగి లెక్కించి సరిచూసుకోవచ్చు.

3. పదును పెట్టడంలో పుట్టే ప్రక్షిప్తాలు

సగటు చిత్రం మృదువుగా, మసకగా ఉంటుంది. అందులో అణగి ఉన్న సూక్ష్మ వివరాలను పైకి తేవడానికి వేవ్‌లెట్ వంటి పద్ధతులతో పదును పెడతారు. ఇది ఉన్న భేదాన్ని పెంచే ప్రక్రియ. అయితే అవసరానికి మించి పెంచినప్పుడు లేని వివరాలు పుడతాయి. అంగారకుని ప్రకాశవంతమైన అంచుకు లోపలివైపున దానికి సమాంతరంగా ఒక నల్లని గీత కనబడడం దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆ గీత గ్రహంపై లేదు. కాంతి వివర్తనం వల్ల టెలిస్కోపులో ఏర్పడిన అంచుభేదాన్ని పదును మరింత పెంచుతుంది. సాహిత్య పరిభాషలో ఇది ప్రక్షిప్తం.

యాదృచ్ఛిక దోషానికీ ఈ ప్రక్షిప్తానికీ మౌలికమైన తేడా ఉంది. మొదటిది ఫ్రేముల సంఖ్య పెరిగితే తగ్గుతుంది. రెండవది తగ్గదు, ఎందుకంటే అది ప్రతి ఫ్రేములోనూ ఒకే చోట ఒకే రీతిలో ఉంటుంది. మూలప్రతిలో దొర్లిన తప్పు దానినుంచి పుట్టిన ప్రతులన్నిటికీ సంక్రమిస్తుంది. అక్కడ ప్రతుల సంఖ్యాబలం ప్రమాణం కాదు.

4. శని వలయాలు: ఒక పరీక్ష

శనిగ్రహపు బయటి ప్రధాన వలయంలో ఎంకే ఖాళీ అనే సన్నని ఎడం ఉంది. దాని వెడల్పు సుమారు 325 కిలోమీటర్లు. భూమినుంచి చూస్తే అది దాదాపు 0.05 ఆర్క్ సెకన్లు, పైన చెప్పిన టెలిస్కోపు పరిమితిలో ఎనిమిదవ వంతు. అయినా ఔత్సాహికుల చిత్రాలలో అది గుర్తింపబడుతున్నది. ఇందులో వైరుధ్యం లేదు. రెండు బిందువులను విడదీయడం వేరు, ప్రకాశవంతమైన నేపథ్యంలో పొడవైన నల్లగీత ఉనికిని గుర్తించడం వేరు. దూరపు ఆకాశం మీద విద్యుత్ తీగ కనిపించినట్లుగా, గీత తన వెడల్పుకంటె ఎక్కువ మందంతో మసకగా నమోదవుతుంది.

అయితే అదే వలయం అంచు దగ్గర అతిగా పదును పెట్టినా ఒక నల్లగీత పుడుతుంది. రెంటినీ వేరుచేసేది స్థానం. నిజమైన ఖాళీ అంతరిక్షనౌకలు కొలిచిన చోట, వలయపు బయటి అంచుకు అతి సమీపంలో ఉంటుంది. ప్రక్షిప్తమైన గీత పదును మోతాదు మారిస్తే తానూ స్థానం మారుతుంది. చూపుకు ఒకేలా ఉన్న రెండు గీతల్లో ఒకటి సాక్ష్యం, మరొకటి భ్రాంతి. వాటిని విడదీసే ఆధారం చిత్రపు అందంలో దొరకదు, దానిని రూపొందించిన క్రమంలోనే దొరుకుతుంది.

5. స్వతంత్ర సాక్ష్యం

2009 జూలై 19న ఆస్ట్రేలియాకు చెందిన ఔత్సాహికుడు ఆంథనీ వెస్లీ 14.5 అంగుళాల టెలిస్కోపుతో గురుగ్రహపు దక్షిణ ధ్రువ ప్రాంతంలో ఒక కొత్త నల్లమచ్చను గుర్తించాడు. మరునాడే హవాయిలోని నాసా పరారుణ టెలిస్కోపు దానిని ధ్రువపరచింది. ఏదో ఖగోళ వస్తువు గురుగ్రహాన్ని ఢీకొన్న గాయమది.

2010 జూన్ 3నాటి ఘటన మన చర్చకు మరింత కీలకమైనది. ఆనాడు గురుగ్రహంపై సుమారు రెండు సెకన్లపాటు ఒక మెరుపు మెరిసింది. ఆస్ట్రేలియాలో వెస్లీ, ఫిలిప్పీన్సులో క్రిస్టఫర్ గో వేర్వేరు టెలిస్కోపులతో, ఒకరు ఎరుపు ఫిల్టరులోనూ మరొకరు నీలి ఫిల్టరులోనూ దానిని నమోదు చేశారు. తరువాత హబుల్ టెలిస్కోపు పరిశీలించినా గ్రహంపై ఏ మచ్చా మిగల్లేదు. ఒక్క వీడియోయే ఉండి ఉంటే, కెమెరా దోషమో భూమి వాతావరణంలోని ఉల్కో అని సందేహించే అవకాశం ఉండేది. దూరదేశాలలోని రెండు పరికరాలలో ఒకే క్షణాన, గ్రహంపై ఒకే చోట కనిపించడంతో ఆ సందేహానికి తావు లేకపోయింది. ఆ వెలుగు తీవ్రతనుబట్టి ఢీకొన్న వస్తువు పరిమాణం పది మీటర్ల స్థాయిలో ఉంటుందని శాస్త్రజ్ఞులు అంచనా వేయగలిగారు.

దీనినుంచి ఒక సూత్రం తేలుతుంది. ఒకే వీడియోను పదిమంది పదిరకాలుగా సంస్కరించినా అది ఒక్క సాక్ష్యమే. ఒకే మాతృకకు పుట్టిన పది ప్రతులను పరిష్కర్త ఒక్క ప్రతిగానే లెక్కించినట్లు ఇక్కడా లెక్కించాలి.

6. యంత్రం పూరించిన వివరం

2023లో ఒక స్మార్ట్‌ఫోన్ చంద్రచిత్రాలపై వివాదం రేగింది. ఒక వినియోగదారుడు చంద్రుని చిత్రాన్ని ఉద్దేశపూర్వకంగా మసకబరిచి, కంప్యూటర్ తెరపై ఉంచి, దానిని ఆ ఫోనుతో ఫొటో తీశాడు. తెరపై లేని బిలాల వివరాలు ఫొటోలో కనిపించాయి. అవి చంద్రునిపై ఉన్నవే కావచ్చు, కాని ఆ కెమెరాకు అందిన కాంతిలో లేవు. శిథిలమైన పద్యపాదాన్ని ఛందస్సు చెడకుండా పూరించిన పరిష్కర్త పని ఇటువంటిది. పూరణ ఎంత ఉచితంగా ఉన్నా దానిని కుండలీకరణాల్లో చూపకపోతే కవికి అన్యాయం, పాఠకుడికి వంచన. కృత్రిమ మేధ ఆధారిత సాధనాలు గ్రహచిత్రణలోకీ ప్రవేశిస్తున్నందున ఈ ప్రమాదం నేడు పెరిగింది. తెలిసిన రూపాన్నే తిరిగి చూపే సాధనం, 2009నాటి నల్లమచ్చవంటి కొత్త విషయాన్ని దోషంగా భావించి చెరిపివేసే అవకాశమూ ఉంది.

రంగు విషయంలోనూ ఇదే నియమం వర్తిస్తుంది. గురుగ్రహాన్ని 889 నానోమీటర్ల మీథేన్ ఫిల్టరుతో తీసిన చిత్రంలో మహా అరుణ బిందువు ప్రకాశవంతంగా కనిపిస్తుంది. కంటికి అది ఎన్నడూ అలా కనిపించదు. అయినా ఆ చిత్రం ప్రామాణికమే, ఏ తరంగదైర్ఘ్యంలో తీసినదో చెప్పినంతవరకు.

7. ముగింపు

ఒక గ్రహచిత్రాన్ని ఆధారంగా స్వీకరించే పరిశోధకుడు కోరవలసినవి నాలుగు. అంతర్జాతీయ సమయంలో నమోదైన చిత్రణ కాలం, టెలిస్కోపు, ఫిల్టరు, కెమెరా వివరాలు, ఫ్రేముల ఎంపికతో సహా సంస్కరణ క్రమం, భద్రపరచిన అసలు వీడియో. ఇవి నాలుగూ ఉన్న చిత్రం ఎంత సంస్కరించినదైనా పరీక్షకు నిలుస్తుంది. ఇవి లేని చిత్రం చూడముచ్చటగా ఉండవచ్చు గాని ప్రమాణం కాజాలదు. పీఠికలో ప్రతుల వివరాలు, అధోజ్ఞాపికలలో పాఠాంతరాలు ఇవ్వని ముద్రణను మన విశ్వవిద్యాలయాలు శాస్త్రీయ పరిష్కరణగా అంగీకరించవు. ఆకాశాన్ని చదివే ప్రతులకూ అదే నియమం పాటించడం ఉచితం.