క్షేత్రపర్యటన - సృజనాత్మక విజ్ఞాన ప్రాజెక్టు: భోగాపురం తీర ఇసుక ఆధారంగా ఒక వివరణ

1. ప్రవేశిక:
పాఠశాల క్షేత్రపర్యటన చాలా సందర్భాలలో విహారయాత్రగానే ముగుస్తుంది. చూసినది జ్ఞానంగా మారాలంటే విద్యార్థి మనసుకు ఒక ప్రశ్న, చేతికి ఒక పని ఉండాలి. ప్రతి అనుభవమూ విద్య కాజాలదని జాన్ డ్యూయీ 1938లో వెలువడిన ‘అనుభవం - విద్య’ గ్రంథంలో వాదించాడు. జాతీయ విద్యావిధానం-2020 ఆరు నుండి ఎనిమిది తరగతుల విద్యార్థులకు పుస్తకాల సంచి లేని పది రోజులను ప్రతిపాదించింది. అటువంటి రోజును అర్థవంతం చేసే ఒక మార్గాన్ని విజయనగరం జిల్లా భోగాపురం తీరం ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది.

2. క్షేత్ర స్వభావం:
భీమునిపట్నం - కోనాడ తీరభాగంలో లేత ఇసుకపై అక్కడక్కడ నల్లని, ఎర్రని చారలు కనిపిస్తాయి. వీటి మూలం తూర్పు కనుమలలో ఉంది. అక్కడి ఖోండలైటు శిలలలో గార్నెట్, సిల్లిమనైటు ఖనిజాలు ఉంటాయి. శిలలు శిథిలమైనప్పుడు ఆ రేణువులను నదులు సముద్రానికి చేరుస్తాయి. గోస్తనీ నది భీమునిపట్నం వద్ద, చంపావతి కోనాడ వద్ద సంగమిస్తాయి. క్వార్ట్జ్ సాపేక్ష సాంద్రత 2.65 కాగా, గార్నెట్‌ది సుమారు 4, ఇల్మనైటుది సుమారు 4.7, మాగ్నటైటుది సుమారు 5.2. చేటలో చెరిగినప్పుడు పొట్టు ఎగిరి గింజ నిలిచినట్లు, వెనుదిరిగే అల తేలిక రేణువులను లాగుకొనిపోగా బరువైనవి మిగులుతాయి.

3. ప్రాజెక్టు నిర్వహణ:
పర్యటనకు ముందు ‘నల్ల ఇసుక కొన్నిచోట్లనే ఎందుకు పేరుకొంటుంది?’ అన్న ప్రశ్నకు ప్రతి బృందం తన ఊహను రాసి ఉంచాలి. తీరంలో నీటి అంచు, వాలు మధ్యభాగం, ఆటుపోట్ల ఎగువ గీత వద్ద ఒక్కొక్క చెంచా ఇసుక సేకరించాలి. ఆరబెట్టిన ఇసుకపై కాగితం చుట్టిన అయస్కాంతాన్ని తిప్పితే మాగ్నటైటు అంటుకొంటుంది; ఇల్మనైటు సాధారణ అయస్కాంతానికి బలంగా స్పందించదు. భూతద్దంతో నూరేసి రేణువులను రంగుల వారీగా లెక్కించి పట్టిక వేయాలి. పాఠశాలకు వచ్చాక ఏటవాలు పళ్లెంలో ఇసుక పరచి, నీటిని అలలుగా పోస్తూ తమ ఊహను పరీక్షించుకోవాలి. నెల్లిమర్ల వద్ద చంపావతి ఇసుకతో పోల్చి, కొండ నుండి కడలి దాకా రేణువు ప్రయాణాన్ని అసలు ఇసుకతోనే పటంగా అతికించాలి.

4. స్థానిక జ్ఞానం - మూల్యాంకనం:
ముక్కాం వంటి గ్రామాల మత్స్యకారులకు గాలి, అల, తీరపు వాలుతో నిత్య పరిచయం ఉంటుంది. వారిని ప్రశ్నించి నమోదు చేయడం ప్రాజెక్టులో భాగం కావాలి. తండ్రి అనుభవం తరగతిలో ఆధారంగా నిలిచినప్పుడు ఆ ఇంటి బిడ్డకు చదువు పరాయిది కాదు. మార్కులు సరైన జవాబుకు కాక, తొలి ఊహను సాక్ష్యం వెలుగులో సవరించుకొన్న తీరుకు ఇవ్వాలి. విద్యార్థులు నీటిలోకి దిగకుండా, చెంచాకు మించి ఇసుక తీయకుండా ఉపాధ్యాయులు పర్యవేక్షించాలి.

5. ముగింపు:
విమానాశ్రయ నిర్మాణంతో భోగాపురం పరిసరాలు వేగంగా మారుతున్నాయి. ఏటేటా ఒకే చోట విద్యార్థులు చేసే కొలతలు ఆ తీరానికి చరిత్రపత్రాలవుతాయి. తన ఊరి నేలను తానే కొలిచిన విద్యార్థి ఆ మార్పును గురించి ఆధారంతో మాట్లాడగలుగుతాడు. క్షేత్రపర్యటన పరమార్థం అదే.