విలస రాగిరేకులు చెప్పే ‘ధర్మయుద్ధం’

రాజమండ్రి మెయిన్ రోడ్డు బజారు సందడిలో ఒక పాత మసీదు ఉంది. దాని గుమ్మం మీద పర్షియన్ శాసనం చెక్కి ఉంది. ఢిల్లీలో గియాసుద్దీన్ తుగ్లక్ ఏలుబడిలో, 1324లో సాలార్ ఉల్వీ అనే అధికారి దాన్ని కట్టించాడని అందులో రాశారు. ఓరుగల్లు పడిపోయిన మరుసటి ఏడాది అన్నమాట. అదే యుద్ధం గురించి ఓడిన పక్షం వాళ్లు రాయించిన రాగిరేకులు కూడా మన దగ్గరే ఉన్నాయి. కోనసీమలోని విలస గ్రామాన్ని దానమిస్తూ ముసునూరి ప్రోలయ నాయకుడు సుమారు 1330లో వేయించిన శాసనం అది.

ఈ రెండింటి గురించీ చదువుతుంటే నాకు క్రూసేడ్లు గుర్తొస్తాయి. మా వాట్సాప్ గ్రూపుల్లో రెండూ ఒకే మాటతో ఫార్వర్డ్ అవుతుంటాయి. ‘రెండు మతాల మధ్య వందల ఏళ్ల యుద్ధం’ అని. నిజంగా అలాగే మొదలయ్యాయా?

క్రూసేడ్ల సంగతి ముందు చూద్దాం. 1071లో మంజికెర్ట్ దగ్గర సెల్జుక్ తురుష్కులు బైజాంటైన్ చక్రవర్తిని ఓడించారు. చేజారిన నేల తిరిగి తెచ్చుకోడానికి తర్వాతి కాలంలో చక్రవర్తి అయిన అలెక్సియస్ కూలి సైనికుల కోసం 1095లో పోప్ దగ్గరికి రాయబారులను పంపాడు. ఆయన అడిగింది సైన్యం. పోప్ రెండో అర్బన్‌కి ఇంట్లోనే తలనొప్పి ఉంది. జర్మన్ చక్రవర్తి అండతో ఇంకొకాయన పోటీ పోప్‌గా కూర్చున్నాడు. యూరప్ సామంతులేమో ఒకళ్లనొకళ్లు నరుక్కుంటున్నారు. అర్బన్ అదే ఏడాది నవంబర్‌లో క్లెర్మాంట్ సభలో జెరూసలేం యాత్రకు పిలుపిచ్చాడు. వెళ్లినవాళ్ల పాపాలకు ప్రాయశ్చిత్తం అయిపోతుందన్నాడు. సైనిక సాయం కోరిన ఉత్తరం అలా పుణ్యయాత్ర అయింది. తీరా 1099లో జెరూసలేంను పట్టుకునే నాటికి అక్కడ సెల్జుకులే లేరు. అంతకు ముందు ఏడాదే ఈజిప్టు ఫాతిమిదులు ఆ ఊరు తీసేసుకున్నారు. అయినా నగరంలో ముస్లింలను, యూదులను ఊచకోత కోశారు.

ఇక మన కథ. 1310లో మాలిక్ కాఫూర్ ఓరుగల్లును ముట్టడించి ఏనుగులు, గుర్రాలు, ధనం పట్టుకెళ్లాడు. ప్రతాపరుద్రుడు కప్పానికి ఒప్పుకున్నాడు. తర్వాత కప్పం ఆగినప్పుడల్లా దండు వచ్చింది. చివరికి 1323లో ఉలుగ్ ఖాన్ కోటను పడగొట్టాడు. ఈయనే తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్. అసలు తగువు కప్పం దగ్గర మొదలైంది. కానీ కాఫూర్ దండయాత్రను వర్ణించిన అమీర్ ఖుస్రో దాన్ని మత విజయంగానే రాశాడు.

విలస శాసనం అవతలి వైపు నుంచి అదే పని చేసింది. సంస్కృతంలో ఉన్న ఆ రాగిరేకుల ప్రకారం, ప్రతాపరుద్రుడు ఢిల్లీకి బందీగా వెళ్తూ నర్మద ఒడ్డున చనిపోయాడు. ఆ తర్వాత లోకాన్ని చీకటి కమ్మింది. ధనవంతులను హింసించారు, విగ్రహాలు పగలగొట్టారు, అగ్రహారాలు లాక్కున్నారు, రైతుల పంట ఎత్తుకుపోయారు. అప్పుడు ప్రోలయ విష్ణువులా వచ్చి ఉద్ధరించాడు. ఇందులో బాధ కట్టుకథ కాదు. ఓరుగల్లు స్వయంభూ శివాలయం నిజంగానే నేలమట్టమైంది. కానీ ప్రోలయ రాజవంశంలో పుట్టినవాడు కాదు. గోదావరి ఒడ్డున రేకపల్లి నుంచి ఏలుతున్న కొత్త నాయకుడు. తను ఎందుకు ఏలాలో జనానికి చెప్పుకోవాలి. ఆ అవసరం అర్బన్‌కీ ఉంది, ప్రోలయకీ ఉంది.

ఇంకో పోలిక చూడండి. విలస శాసనం శత్రువుని మతం పేరుతో పిలవలేదు. యవనులు, పారసీకులు అంటూ జాతి పేర్లు వాడింది. అరబ్బులు కూడా క్రూసేడర్లను ‘ఫ్రాంకులు’ అనేవాళ్లు.

తర్వాత ఏం జరిగిందో చూస్తే గీతలు ఇంకా చెరిగిపోతాయి. 1336 ప్రాంతంలో కాపయ నాయకుడు ఓరుగల్లు నుంచి తరిమేసిన సుల్తాన్ ప్రతినిధి మాలిక్ మక్బూల్ మన తెలుగువాడే. కాకతీయుల కొలువులో చేసి, మతం మారి, తర్వాత ఢిల్లీ వజీరయ్యాడు. ఆయన్ని తరిమిన కాపయ పెట్టుకున్న బిరుదు ‘ఆంధ్ర సురత్రాణ’. అంటే ఆంధ్ర సుల్తాన్! దక్కన్‌లో ఢిల్లీ మీద తిరగబడిన హసన్ గంగూకి కాపయ సాయం చేశాడు. అదే బహమనీ సుల్తానులు తర్వాత ఆయన మీదికే వచ్చారు. చివరికి 1368 ప్రాంతంలో కాపయను చంపింది రేచర్ల నాయకులు, తోటి తెలుగువాళ్లే. సిరియాలోనూ ఇంతే. 1115లో సుల్తాన్ సైన్యాన్ని ఆపడానికి డమాస్కస్ ముస్లిం పాలకుడు, అంతియోక్ క్రైస్తవ పాలకుడు ఒకే పక్షాన నిలబడ్డారు.

సరిగ్గా వందేళ్లకు, 1423లో రాజమండ్రి రెడ్ల ఇంటి ఆడపడుచు అనితల్లి కలువచేరు శాసనం వేయించింది. అందులో ప్రోలయ, కాపయలను తలుచుకుని, ఆ వరసలోనే తన వంశాన్నీ నిలబెట్టింది. యుద్ధం ఎప్పుడో అయిపోయినా దాని కథ ఇంకో కొత్త రాజ్యానికి పనికొచ్చింది.

ఈసారి ‘700 ఏళ్ల యుద్ధం’ అని ఎవరైనా ఫార్వర్డ్ పంపితే నేను రెండు ప్రశ్నలు వేస్తాను. అప్పుడు ఎవరు ఎవరికి బాకీ ఉన్నారు? ఇప్పుడు ఈ కథ ఎవరికి కావాలి? రాజమండ్రి మసీదు శాసనాన్నీ, విలస రాగిరేకుల్నీ పక్కపక్కన పెట్టి చదివితే మొదటి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. రెండోదానికి పంపినవాళ్లే చెప్పాలి.