అన్న ఆస్తి, చెల్లెలి బడి

ఆదివారము ఉదయమున పిల్లలు పాటలు పాడి, కంఠతవాక్యము చెప్పి, చిన్న కార్డు పుచ్చుకొని ఇంటికి వెళ్లుట మనకు అలవాటైన దృశ్యమే. సండేస్కూలు క్రైస్తవుల సొత్తని మనము తలంచుదుము. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్‌లో రాబర్ట్ రైక్స్ దానిని వ్యాప్తిలోనికి తెచ్చిన మాట నిజమే. అయితే మనలను చూచి యూదులు కూడ ఒక సండేస్కూలు పెట్టుకున్నారని చదువరులలో ఎందరికి తెలుసు?

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరములో 1781లో ఒక వర్తక కుటుంబమున పుట్టిన రెబెకా గ్రాట్జ్ వివాహము చేసుకొనలేదు. 1819లో తోటి స్త్రీలతో కలిసి బీద యూదు స్త్రీలకు సహాయ సంఘము స్థాపించారు. అన్నవస్త్రములైతే ఇవ్వగలిగారు గాని, ఆ ఇండ్లలోని పిల్లలకు తమ లేఖనములే తెలియవు. క్రైస్తవ సువార్తికులు వారిని తమ వైపు త్రిప్పుకొందురేమో అన్న భయము కూడ ఆమెకు ఉండెను. ఆ సంగతి మనము దాచుకొననక్కరలేదు.

1838 మార్చి 4న ఆమె బడి తెరచారు. మగపిల్లలు, ఆడపిల్లలు కలిసి ఉచితముగా చదివేవారు. బోధించినది జీతము లేని స్త్రీలు. పుస్తకములు లేవు గనుక క్రైస్తవ సండేస్కూలు పాఠములనే తెచ్చుకొని, తమ విశ్వాసమునకు సరిపడని జవాబుల మీద కాగితము అంటించారు! ఆ బడిలో చదివిన ఒకామె, కాగితము క్రింద ఏమున్నదో చూడవలెనని తాము పడిన పాట్లను పెద్దయ్యాక వ్రాసుకున్నారు. పిల్లలు ఎక్కడైనా పిల్లలే.

త్వరలోనే యూదుల సొంత ప్రశ్నోత్తర పుస్తకములు వచ్చినవి. తీరని కొరత ఉపాధ్యాయులది. ఉత్సాహము మెండు, హెబ్రీ భాషా జ్ఞానము కొద్ది. నిన్నటి విద్యార్థినియే నేటి టీచరు.

రెబెకా అన్న హైమన్ గ్రాట్జ్ మిక్వే ఇశ్రాయేలు అనే సమాజమందిరమునకు చాలాకాలము కోశాధికారి. లెక్కలు తెలిసిన మనిషి. 1856లో దస్తావేజు వ్రాయించి, తన తరువాతి హక్కుదారుల కాలము ముగిసినప్పుడు ఆస్తి ఆ మందిరమునకు చేరి, నగరములోని యూదుల విద్యకు ఒక కళాశాల కావలెనని ఏర్పాటు చేశారు. మరుసటి ఏడే మరణించారు. చెల్లెలు 1864 వరకు బడి నడిపి, 1869లో కన్నుమూశారు. ఆస్తి 1893లో గాని మందిరము చేతికి రాలేదు. 1895లో గ్రాట్జ్ కళాశాల స్థాపన, 1897లో తరగతులు. అక్కడ ముఖ్యముగా చేసిన పని యూదు బడులకు ఉపాధ్యాయులను తయారుచేయుట. దస్తావేజు నాటికి, తరగతి తెరచిన నాటికి 41 ఏండ్లు! ఇద్దరిలో ఎవరూ దానిని చూడలేదు.

తరువాత ఇతరులు ఈ దారి పట్టారు. బ్యాంకరు జేకబ్ షిఫ్ ఇచ్చిన ధనముతో 1909లో న్యూయార్క్‌లోని యూదు వేదాంత సెమినరీలో ఉపాధ్యాయ శిక్షణాలయము వెలసినది. దాని పెద్దగా నియమింపబడిన మొర్దెకై కప్లాన్‌కు అప్పటికి 28 ఏండ్లే. మన కాలములో, 2010లో, జిమ్ జోసెఫ్ పేరిటి ఫౌండేషన్ మూడు యూదు విద్యాసంస్థలకు కలిపి 4 కోట్ల 50 లక్షల డాలర్లు ప్రకటించినది. అందులో పెద్ద భాగము గోడలకు కాదు, టీచర్లు కాగోరువారి ఫీజులకు, శిక్షణకు ఉద్దేశించినది.

ఇది చదివినప్పుడు నాకు మా కమిటీ మీటింగు జ్ఞాపకము వచ్చినది. గంటగోపురమునకు చందా మూడు వారములలో పోగైనది. గోపురము మీద దాతల పేర్లు చెక్కవచ్చును గదా. సండేస్కూలు టీచర్లు అయిదుగురిని పది దినముల శిక్షణకు పంపుటకు బస్సు చార్జీలు, భోజనము ఖర్చు అడిగితే మాత్రము గది అంతా నిశ్శబ్దము. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయము మీద నేను ఎన్ని ప్రసంగములు చేసియుంటినో!

గత నెలలో మరల అడిగాను. ఇద్దరికి ఒప్పుకున్నారు.