ఆ కుర్చీ ఖాళీ కాలేదు!

మే 12... ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టినరోజు. నర్సుల దినోత్సవమంటూ ఆసుపత్రుల్లో కేకులు కోస్తారు, శాలువాలు కప్పుతారు. మంచిదే. మరి ఆ సిబ్బందికే కష్టమొస్తే? డెబ్భై ఏళ్ల కిందట ఓ మిషన్ ఆసుపత్రి ఆ ప్రశ్నకు చెప్పిన జవాబు ఇది.

అది 1954. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి. మనవాళ్లకు సీఎంసీ అంటేనే తెలుస్తుంది. మన పెద్దవాళ్లయితే 'రాయవేలూరు ఆసుపత్రి' అంటారు. రిపోర్టుల ఫైలు చంకలో పెట్టుకుని కాట్పాడి స్టేషన్‌లో దిగే తెలుగువాళ్లు ఇప్పటికీ తక్కువేం కాదు.

డాక్టర్ మేరీ వర్గీస్‌ది కొచ్చిన్. వేలూరులోనే వైద్యం చదివి అక్కడే పనిచేస్తున్నారు. వయసు ముప్పై కూడా లేదు. తోటి డాక్టర్లతో కలిసి వెళ్తుండగా వాహనం ప్రమాదానికి గురైంది. మేరీ ముఖానికి పెద్ద గాయమైంది. వెన్నెముక దెబ్బతిని నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. నిన్నటిదాకా వార్డుల్లో రౌండ్లు తిరిగిన డాక్టరు ఇప్పుడు అదే ఆసుపత్రిలో రోగి!

ఇక ఆమె నడవలేరని తేలిపోయింది. ఇలాంటప్పుడు మామూలుగా ఏం జరుగుతుంది? పరామర్శలు, పళ్లబుట్టలు, చేతికి కాస్త సొమ్ము. ఆ తర్వాత... ఇంటికి. వేలూరులో అలా జరగలేదు.

చేతులున్నాయి కదా!

అప్పుడక్కడ పాల్ బ్రాండ్ అనే సర్జన్ ఉండేవారు. కుష్ఠువ్యాధితో వేళ్లు వంకరపోయిన వారికి, బాగున్న కండరం తాలూకు టెండన్‌ను మళ్లించి చెయ్యి మళ్లీ పనిచేసేలా చేయడంలో దిట్ట. ఆయన ఆలోచన చాలా సూటిగా సాగింది. చేతికి చేసే ఆపరేషన్‌కు సర్జన్ నిలబడాల్సిన అవసరమేముంది? కూర్చునీ చేయొచ్చు. మేరీకి పోయింది కాళ్లే. చేతులు బాగానే ఉన్నాయి కదా!

అలా మేరీ చక్రాల కుర్చీలోనే ఆపరేషన్ థియేటర్‌కు వచ్చారు. ఊరు వెలివేసిన మనుషుల చేతులను బాగుచేశారు. తమకు ఆపరేషన్ చేసే డాక్టరమ్మే నడవలేని మనిషని చూశాక ఆ రోగులకు వేరే ధైర్యం చెప్పాల్సిన పనిలేకపోయింది.

కథ అక్కడితో ఆగలేదు. మేరీ చికిత్స కోసం ఆస్ట్రేలియాలోని పెర్త్‌కు వెళ్లారు. ఆ తర్వాత న్యూయార్క్‌లో హోవార్డ్ రస్క్ దగ్గర పునరావాస వైద్యం నేర్చుకుని వచ్చారు. వేలూరులో ఆ విభాగానికి అధిపతి అయ్యారు. 1966లో అక్కడే, రోగులను చేర్చుకుని చికిత్స చేసే పునరావాస కేంద్రం ప్రారంభమైంది. మనదేశంలో ఈ వైద్యానికి బాటలు వేసిన వారిలో ఆమె పేరు ముందుంటుంది. 1972లో పద్మశ్రీ వచ్చింది. 1986లో కన్నుమూశారు.

ఒక్క ఉద్యోగిని వదులుకోకపోవడంతో ఆసుపత్రికి దక్కింది ఒక డాక్టరు మాత్రమే కాదు, ఓ కొత్త వైద్య విభాగం!

సేవ అంటే...

ఈ ఆసుపత్రిని 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన ఐడా స్కడర్, 1909లోనే నర్సులకు శిక్షణ ప్రారంభించారు. 1946లో నర్సింగ్‌లో డిగ్రీ కోర్సు వచ్చింది. దేశంలో అలాంటి తొలి కోర్సుల్లో అదొకటి. నర్సంటే డాక్టరు వెనక ట్రే పట్టుకుని నిలబడే మనిషి కాదు, చదువూ హోదా ఉన్న నిపుణురాలని చెప్పడమది. సిబ్బందికి అంతకన్నా మంచి సన్మానం ఏముంటుంది?

సేవ చేయించుకోవడానికి కాదు, చేయడానికే అన్నది ఆ సంస్థ ఆదర్శం. మిషన్ ఆసుపత్రి అయినా, ట్రస్టు ఆసుపత్రి అయినా, దేవుడి పేరుతో నడిచే ప్రతిచోటా వినిపించే మాటే ఇది. కానీ ఇదే మాట రెండువైపులా పదునున్న కత్తి. 'దేవుడి పని కదమ్మా, సర్దుకో' అంటే చాలు... జీతం గురించి, సెలవు గురించి అడగబోయిన నోరు మూతపడుతుంది. సేవ సిబ్బంది బాధ్యత అయితే, ఆ సిబ్బందిని చూసుకోవడం ఎవరి బాధ్యత? మేరీ విషయంలో జరిగింది చూస్తే జవాబు తెలుస్తుంది.

చప్పట్లు చాలవు

2020 మార్చి 22 సాయంత్రం అయిదింటికి దేశమంతా గుమ్మాల్లోకి వచ్చి చప్పట్లు కొట్టింది. మే 3న హెలికాప్టర్లు ఆసుపత్రుల మీద పూలు చల్లాయి. చాలామంది నర్సుల కళ్లు చెమర్చి ఉంటాయి. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఇంకో లెక్కా ఉంది. 2020 జనవరి నుంచి 2021 మే దాకా ప్రపంచవ్యాప్తంగా 80 వేల నుంచి లక్షా 80 వేల మంది ఆరోగ్య సిబ్బంది కొవిడ్‌కు బలై ఉంటారని అంచనా. పూలు పడినచోటే రక్షణ దుస్తులూ అందాలి, నైట్‌డ్యూటీ చేసినవారికి నిద్రా దొరకాలి. జబ్బుపడితే అదే ఆసుపత్రిలో వాళ్లకో మంచం ఉండాలి. కోలుకున్నాక చేయగలిగిన పని ఉండాలి.

మళ్లీ మే 12 వస్తుంది. కేకు కోయండి, శాలువా కప్పండి, ఫొటోలూ దిగండి. అవన్నీ అయ్యాక ఆసుపత్రి నడిపేవారు ఓ పదినిమిషాలు కూర్చుని ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు.

'మేరీకి జరిగిందే రేపు మనవాళ్లలో ఒకరికి జరిగితే... ఆ కుర్చీ ఉంచుతామా, తీసేస్తామా?'