తన బ్యాటరీని తానే నింపుకొనే మోటారు

పిల్లలూ! మీలో యంత్రాల సరదా వున్నవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ ఆలోచన వచ్చే వుంటుంది. బ్యాటరీ మోటారును తిప్పుతుంది. డైనమోను తిప్పితే విద్యుత్తు పుడుతుంది. ఆ విద్యుత్తు బ్యాటరీని ఛార్జి చేస్తుంది. మరి మోటారు చేతనే డైనమోను తిప్పించి, వచ్చిన విద్యుత్తును అదే బ్యాటరీకి పంపిస్తే? ఇక మోటారు ఆగనే ఆగదు, బ్యాటరీ అయిపోనే అయిపోదు. నాన్నగారికి కరెంటు బిల్లు కట్టే బాధ వుండదు!

ఈ ఆలోచన వచ్చినందుకు మీరు సిగ్గుపడనక్కరలేదు. మీకన్న ముందు గొప్ప గొప్ప బుద్ధిమంతులకే ఇది తోచింది. అయితే ఇది జరిగే పనేనా? పెద్దవాళ్లు జరగదన్నారు గనక జరగదని అనుకోకండి. ఎవరో వీడియోలో జరిగినట్టు చూపారు గనక జరుగుతుందనీ అనుకోకండి. మోటారును మనమే తయారుచేసి, ఆ మోటారునే అడుగుదాం.

మోటారు తయారుచేయటం

కావలసిన వస్తువులు ఇవి: పెద్ద సైజు టార్చిలైటు సెల్లు ఒకటి, పెద్ద పిన్నీసులు రెండు, వెడల్పాటి రబ్బరుబాండు, బిళ్లలాగా వుండే నల్లని అయస్కాంతం ఒకటి, గరుకు కాగితం ముక్క, మోటార్లకు వైండింగు చేసే దుకాణంలో దొరికే ఎనామెలు పూత గల రాగితీగె ఒక మీటరు.

తీగెను రెండు చివరలా అయిదేసి సెంటీమీటర్లు వదలి, మిగిలినదంతా బొటనవేలి మీద పది పన్నెండు చుట్లు చుట్టండి. చుట్ట విడిపోకుండా చివరలను రెండు పక్కలా ఒక్కొక్క మెలిక వేయండి. ఆ చివరలు చక్రానికి ఇరుసులాగా, ఎదురెదురుగా, తిన్నగా వుండాలి.

ఇప్పుడు అసలు కిటుకు వున్నది. ఒక చివర మీది పూతను గరుకు కాగితంతో చుట్టూ గీకివేయండి. రెండో చివరను మాత్రం అలా చేయకూడదు. చుట్టను బల్ల మీద నిలబెట్టినట్టు నిటారుగా పట్టుకుని, ఆ రెండో చివరకు పైసగం మాత్రమే గీకండి. కిందిసగం పూత అలాగే వుండాలి.

సెల్లును బల్ల మీద పడుకోబెట్టి, దాని రెండు కొసలకూ రెండు పిన్నీసులను ఆనించి, రబ్బరుబాండుతో బిగించండి. పిన్నీసు మెలిక తిరిగిన చోట వుండే చిన్న కన్నం పైకి రావాలి. సెల్లు మీద అయస్కాంతాన్ని పెట్టండి. తీగెచుట్ట చివరలను రెండు కన్నాలలో దూర్చి, వేలితో చుట్టను కొద్దిగా తట్టండి. ఒకసారి తిరగకపోతే రెండోవైపు తట్టండి. గిర్రున తిరుగుతుంది! మీ మోటారు తయారయింది.

జాగ్రత్తలు మూడు. మోటారు ఆగినప్పుడు చుట్టను తీసివేయండి; లేకపోతే తీగె వేడెక్కి వేలు కాలుతుంది. ఇంట్లో గోడకు వుండే ప్లగ్గుకు దీన్ని ఎన్నడూ తగిలించకండి. అది ప్రాణం తీస్తుంది. చిన్న అయస్కాంతాలను తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ అందకుండా వుంచండి. రెండు మింగితే అవి కడుపులో ఒకదాన్ని ఒకటి పట్టుకుని పేగులకు హాని చేస్తాయి.

ఎందుకు తిరుగుతుంది?

1820లో డెన్మార్కు దేశపు ఆచార్యుడు ఆయర్‌స్టెడ్ ఒక వింత చూశాడు. విద్యుత్తు పారే తీగె దగ్గిర దిక్సూచి ముల్లు పక్కకు తిరిగింది. అంటే విద్యుత్తు పారుతున్నంత సేపూ తీగె కూడా అయస్కాంతంలాగా ప్రవర్తిస్తుందన్నమాట. మరుసటి ఏడు, 1821లో, లండనులో మైకేల్ ఫారడే విద్యుత్తు పారే తీగెను అయస్కాంతం చుట్టూ తిరిగేటట్టు చేశాడు. ఈ ఫారడే ఒక కమ్మరి కొడుకు. చిన్నతనంలో పుస్తకాలకు అట్టలు కట్టే పని నేర్చుకుంటూ, ఆ పుస్తకాలనే చదివి శాస్త్రజ్ఞుడైనవాడు.

మీ చుట్టలో విద్యుత్తు పారగానే అది అయస్కాంతమవుతుంది. కింద వున్న అయస్కాంతం దాన్ని తిప్పుతుంది. అలాగే వదిలితే, సగం చుట్టు తిరిగేసరికి అదే బలం దాన్ని వెనక్కి తోస్తుంది. అందుకే మనం సగమే గీకాము. ఆ వెనక్కి తోసే సమయంలో పూత అడ్డువచ్చి విద్యుత్తు ఆగిపోతుంది. చుట్ట తన వూపుతోనే మిగిలిన సగం తిరిగివస్తుంది. ఉయ్యాలను సరి అయిన సమయంలోనే తోసినట్టు!

మోటారే డైనమో

ఫారడే అక్కడితో ఆగలేదు. విద్యుత్తు వల్ల అయస్కాంతశక్తి పుడితే, అయస్కాంతం వల్ల విద్యుత్తు ఎందుకు పుట్టకూడదని పదేళ్లు ఆలోచించాడు. 1831లో కనిపెట్టాడు: తీగెచుట్టలో అయస్కాంతాన్ని ఆడిస్తే, ఆడుతున్నంత సేపూ తీగెలో విద్యుత్తు పుడుతుంది. ఆపితే అదీ ఆగుతుంది.

అంటే మోటారూ డైనమో ఒకటే యంత్రం. విద్యుత్తు ఇస్తే తిరుగుతుంది. తిప్పితే విద్యుత్తు ఇస్తుంది. 1873లో వియన్నా నగరపు ప్రదర్శనలో గ్రామ్ అనే ఆయన డైనమో నుంచి వచ్చే విద్యుత్తును మరొక డైనమోకు తగిలించేసరికి ఆ రెండోది మోటారులాగా తిరగసాగింది. చూసినవాళ్లు ఆశ్చర్యపోయారు.

ఇది మీరూ చూడవచ్చు. మనం చేసిన చుట్ట మరీ చిన్నది గనక, ఇందుకు పాడైపోయిన ఆటబొమ్మలలోని చిన్న మోటార్లు రెండు తీసుకోండి. రెండింటి ఇరుసులనూ ఎదురెదురుగా పెట్టి, సైకిలు వాల్వు ట్యూబు ముక్కతో కలపండి. మోటార్లను చెక్క మీద కదలకుండా బిగించండి. మొదటిదానికి రెండు టార్చి సెల్లులు తగిలించండి. రెండోదాని తీగెలకు ఎర్రని చిన్న ఎల్‌.ఇ.డి. దీపం తగిలించండి. వెలగకపోతే దాని కాళ్లు రెండూ తారుమారు చేయండి. అప్పటికీ వెలగకపోతే మరొక సెల్లు కలపండి. దీపం వెలిగిందా? రెండో మోటారు ఇప్పుడు డైనమో అయింది!

ఇక అసలు ప్రశ్న

ఇప్పుడు దీపం తీసివేయండి. రెండో మోటారు తీగెలను మొదటి మోటారు తీగెలతో కలపండి. రెండూ జోరుగా తిరుగుతుండగా సెల్లులను వూడదీయండి. మన ఆలోచన నిజమైతే, మోటారు డైనమోను తిప్పాలి, డైనమో మోటారుకు విద్యుత్తు ఇవ్వాలి. రెండూ తిరుగుతూనే వుండాలి.

ఏమయింది? రెండూ కాస్త తిరిగి ఆగిపోయాయి. పదిసార్లు చేసినా అంతే.

ఎందుకో తెలియాలంటే ఇంకొక పరీక్ష చేయండి. ఈసారి చూడటం కాదు, వినటం. సెల్లులను మళ్లీ మొదటి మోటారుకే తగిలించి తిరగనివ్వండి. రెండో మోటారు తీగెలను వేటికీ తగలకుండా వుంచి ఆ రొద వినండి. తరవాత ఆ రెండు తీగెల కొసలనూ ఒకదానికొకటి ఒక్క క్షణం తాకించండి. వెంటనే రొద తగ్గుతుంది, మోటారు ముక్కుతూ మూలుగుతూ తిరుగుతుంది. తీగెలు విడదీయగానే మళ్లీ హుషారుగా తిరుగుతుంది. డైనమో నుంచి విద్యుత్తు తీసుకుంటున్నంత సేపూ అది తిరగటానికి మొరాయిస్తుంది! దీన్ని సూత్రంగా చెప్పినవాడు లెంజ్, అది 1834లో. డైనమో విద్యుత్తును వూరికే ఇవ్వదు. ఎంత ఇస్తుందో అంతకు తగిన పని తిప్పేవాడి చేత చేయించుకుంటుంది.

పోనీ, ఇచ్చినంతా తిరిగి రావచ్చు కదా? అదీ రాదు. కాసేపు తిరిగాక మోటారును ముట్టుకుని చూడండి, వెచ్చగా వుంటుంది. ఆ వెచ్చదనం సెల్లు నుంచి వచ్చిందే. ఆ రొద కూడా సెల్లు నుంచి వచ్చిందే. ఇరుసు రాపిడికి కొంత, గాలిని కోయటానికి కొంత పోతుంది. దారిలో ఇంతమందికి పంచిపెట్టినది తిరిగి సెల్లుకు ఎలా చేరుతుంది? చిల్లికుండతో నీళ్లు తోడి తెచ్చి అదే బావిలో పోస్తే బావి నిండుతుందా?

"మరి అయస్కాంతంలో శక్తి వున్నది కదా, అది ఎప్పటికీ తరగదు కదా!" అని మీరు అడుగుతారు. మంచి ప్రశ్నే. అయస్కాంతం దగ్గిరకు ఒక మేకు తీసుకుపోండి. టక్కున లాక్కుంటుంది. ఇప్పుడు ఆ మేకును వూడదీయండి. ఎంత బలంతో లాక్కున్నదో అంత బలమూ మీరు పెట్టాలి. మూకుడులో గోళీని వదిలితే కిందికి జోరుగా దొర్లి, ఆ జోరుతో రెండో అంచువైపు ఎక్కుతుంది. కాని బయలుదేరిన ఎత్తును మించి ఎక్కలేదు. అయస్కాంతమూ అంతే. దగ్గిరకు వచ్చేటప్పుడు ఇచ్చినది దూరంగా పోయేటప్పుడు తీసుకుంటుంది.

ఆశపడినవాళ్లు

మన భాస్కరాచార్యుడు 12వ శతాబ్దంలో, తన సిద్ధాంతశిరోమణి గ్రంథంలో, ఆకులలో పాదరసం నింపిన చక్రం తనంత తానే తిరుగుతుందని రాశాడు. ఆయన గణితంలో మహాపండితుడు; అయినా ఇక్కడ పొరపడ్డాడు. 1269లో ఫ్రాన్సుకు చెందిన పీటర్ పెరెగ్రినస్ అయస్కాంతంతో ఆగకుండా తిరిగే చక్రాన్ని ఊహించి రాశాడు. ఇటువంటి యంత్రాలు కనిపెట్టామని వచ్చేవాళ్లు ఎంతమంది అయ్యారంటే, 1775లో ప్యారిస్‌లోని విజ్ఞాన అకాడమీవారు ఇక మీదట అటువంటి వాటిని పరిశీలించబోమని తీర్మానించారు. తరవాత 1840లలో మేయర్, జౌల్, హెల్మ్‌హోల్ట్స్ అనేవాళ్లు అసలు నియమాన్ని బయటపెట్టారు: శక్తి రూపం మారుతుందే గాని కొత్తగా పుట్టదు, నశించదు.

అయినా ఆశ చావలేదు. అమెరికాలో జోసెఫ్ న్యూమన్ అనే ఆయన పెద్ద అయస్కాంతమూ తీగెచుట్టా పెట్టి ఒక యంత్రం చేసి, అది పుచ్చుకున్నదానికన్న ఎక్కువ ఇస్తుందన్నాడు. పేటెంటు ఇవ్వలేదని కోర్టుకు వెళ్లాడు. యంత్రాన్ని పరీక్షించమని కోర్టు ఆజ్ఞాపించింది. 1986లో అమెరికా ప్రభుత్వపు కొలతల సంస్థ దాన్ని కొలిచి చూసింది. ఎన్నిసార్లు కొలిచినా, లోపలికి పోయిన విద్యుత్తు కంటె బయటికి వచ్చినది తక్కువే!

ఈ సంగతి పెద్దవాళ్లూ గుర్తుంచుకోవాలి. "పెట్రోలు వద్దు, ఎండ వద్దు, అయస్కాంతంతోనే ఇల్లంతా దీపాలు" అని యంత్రం అమ్మజూపేవాళ్లు ఇప్పటికీ వున్నారు. డబ్బు ఇచ్చే ముందు ఒక్క మాట అడగండి: "దీని బ్యాటరీ తీసివేసి, వారం రోజులు మా ఎదుట నడిపి చూపుతారా?"

బ్యాటరీని నింపే నిజమైన మోటార్లు

అయితే మోటారు బ్యాటరీని ఛార్జి చేయనే చేయదా? ఎందుకు చేయదు! బయటినుంచి ఎవరైనా తిప్పితే చేస్తుంది. కారులో బ్యాటరీని ఛార్జి చేసే యంత్రాన్ని ఇంజను తిప్పుతుంది, ఖర్చయ్యేది పెట్రోలు. కొన్ని విద్యుత్ స్కూటర్లలో బ్రేకు వేసినప్పుడు మోటారే డైనమోగా మారి, బండి వూపును కొంత విద్యుత్తుగా మార్చి బ్యాటరీకి పంపుతుంది. వూరికే వేడిగా పోవలసినదాంట్లో కొంత దక్కుతుంది. అంతేగాని, బండి బయలుదేరటానికి ఖర్చయినదంతా తిరిగిరాదు.

చాలా పెద్ద ఉదాహరణ ఒకటి మన శ్రీశైలంలోనే వున్నది. కృష్ణానది ఎడమ గట్టున, కొండ లోపల వున్న విద్యుత్కేంద్రంలో ఒక్కొక్కటి 150 మెగావాట్ల యంత్రాలు ఆరు వున్నాయి. జలాశయం నీళ్లు తిప్పితే అవి డైనమోలు. విద్యుత్తు మిగిలినప్పుడు వాటినే మోటార్లుగా తిప్పి, కింది నీళ్లను మళ్లీ జలాశయంలోకి ఎక్కించవచ్చు. అంటే జలాశయమే బ్యాటరీ! ఇటువంటి కేంద్రాలలో నీళ్లు ఎక్కించటానికి 100 యూనిట్లు ఖర్చయితే, తిరిగి వచ్చేవి సుమారు 70 నుంచి 80 యూనిట్లే. నష్టమని తెలిసీ ఇంజనీర్లు ఆ పని ఎందుకు చేస్తారు? విద్యుత్తు ఎక్కువై మిగిలిన వేళ దాచి, ఊరంతా దీపాలు వేసుకునే వేళ ఇవ్వటానికి. వాళ్లకు నష్టం ఎంతో లెక్క తెలుసు. తెలిసే చేస్తారు.

చివరిగా ఒక హెచ్చరిక. మీ డైనమోతో మామూలు టార్చి సెల్లును ఛార్జి చేయబోకండి. అది కారిపోవచ్చు, పగిలిపోవచ్చు కూడా. ఛార్జి చేయటానికి పనికివచ్చే సెల్లులు వేరు. వాటికి తగిన ఛార్జరు వుంటుంది.

మీ మోటారు తన బ్యాటరీని తాను నింపుకోలేదని నిరుత్సాహపడకండి. రెండు పాత మోటార్లతో, ఒక వాల్వు ట్యూబు ముక్కతో మీరు తేల్చిన సంగతి, వందల ఏళ్లు ఎందరో తెలివైనవాళ్లకు అంతుపట్టనిది. ఈసారి ఎవరైనా ఆగని యంత్రం గురించి చెబితే వాళ్లతో వాదించవద్దు. మీ చెక్క మీది మోటార్లను తెచ్చి, రెండో మోటారు తీగెలు తాకించి, ఆ మూలుగు వినిపించండి.