సాంచాల హోరులో చెవి చచ్చుబడుతోంది!
వినికిడి యంత్రం ఎంపికలో, వాడకంలో మెలకువలు ఎన్నో

రాజన్న సిరిసిల్ల: మగ్గం ఆగినా చప్పుడు ఆగదు. రాత్రి పాళీ ముగించుకుని తెల్లవారుజామున ఇంటికి చేరిన మరమగ్గాల కార్మికుడి చెవుల్లో ఇంకా అదే హోరు. మొదట్లో అది మధ్యాహ్నానికి తగ్గిపోతుంది. కొన్నేళ్లకు రోజంతా ఉంటుంది. ఆ తర్వాత కూతురు 'బాపూ' అని రెండుసార్లు పిలిస్తే గానీ తల తిప్పని పరిస్థితి వస్తుంది. ముప్పై ఏళ్లు సాంచాలు నడిపిన ఒక కార్మికుడిని ఇటీవల కదిలిస్తే, 'మాట వినబడతది సార్, ఏమన్నరో తెల్వదు' అన్నాడు. శబ్దం వల్ల వచ్చే వినికిడి లోపానికి ఇంతకంటే సరైన నిర్వచనం వైద్య గ్రంథాల్లోనూ దొరకదు.

ఎందుకిలా జరుగుతుంది?

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే భాగంలో సన్నని రోమ కణాలు ఉంటాయి. శబ్ద తరంగాలను నాడీ సంకేతాలుగా మార్చి మెదడుకు పంపేవి ఇవే. విపరీతమైన మోతకు ఏళ్ల తరబడి గురైతే ఇవి నశిస్తాయి. ఒకసారి నశించిన కణాలు మనిషిలో మళ్లీ పుట్టవు. మందులతోనో, చెవిలో నూనె చుక్కలతోనో పోయిన వినికిడి తిరిగి రాదు.

ఎనిమిది గంటల పనికి 85 డెసిబెల్స్ దాటరాదని వృత్తి ఆరోగ్య నిపుణులు చెబుతారు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కింద రూపొందిన నమూనా నిబంధనలు 90 డెసిబెల్స్ వరకు ఎనిమిది గంటలు, 95 అయితే నాలుగు గంటలు, 100 అయితే రెండు గంటలు మాత్రమే అనుమతించాయి. నాడె కొట్టే పాత సాంచాల కార్ఖానాల్లో మోత 90 డెసిబెల్స్‌ను సులువుగా దాటుతుంది. అందులో పన్నెండు గంటల పాళీ చేస్తే చెవిపై పడే భారం ఎంతో ఊహించవచ్చు.

ఈ లోపం ముందుగా 4,000 హెర్ట్జ్ పరిసరాల్లోని సన్నని ధ్వనులను దెబ్బతీస్తుంది. అచ్చులు గట్టిగానే వినిపిస్తాయి. స, శ, చ, త, ప వంటి హల్లులు జారిపోతాయి. 'పాలు' అన్నారో 'చాలు' అన్నారో తేలదు. పెళ్లిళ్లలో, సంతలో, నలుగురూ మాట్లాడే చోట ఇబ్బంది మరీ ఎక్కువ. ఇంట్లో వాళ్లు పరధ్యానం అనుకుంటారు. విసుక్కుంటారు. మనిషి క్రమంగా మాటలు తగ్గించుకుని ఒంటరి అవుతాడు.

పరీక్ష ముందు, యంత్రం తర్వాత

నేరుగా దుకాణానికి వెళ్లి యంత్రం కొనుక్కోవడం పొరపాటు. ముందుగా చెవి, ముక్కు, గొంతు వైద్యుడికి చూపించుకోవాలి. గులిమి అడ్డుపడటం, కర్ణభేరికి రంధ్రం, చీము కారడం వంటివి ఉంటే వాటికి వేరే చికిత్స ఉంది. ఆ తర్వాత ఆడియోమెట్రీ పరీక్ష చేయించుకోవాలి. పాళీ దిగి నేరుగా పరీక్షకు వెళ్లరాదు. చెవి తాత్కాలికంగా మొద్దుబారి ఉన్నందున ఫలితం తప్పుగా వస్తుంది. కనీసం 14 నుంచి 16 గంటలు మోతకు దూరంగా ఉండి వెళ్లాలి. పరీక్ష చేసే ఆడియాలజిస్టుకు భారత పునరావాస మండలి నమోదు ఉందో లేదో అడిగి తెలుసుకోవడం రోగి హక్కు.

జేబులో పెట్టుకునేవి, చెవి వెనుక తగిలించుకునేవి, చెవి లోపల అమరేవి అని యంత్రాలు పలు రకాలు. ధరలు కొన్ని వేల రూపాయల నుంచి లక్షల దాకా ఉన్నాయి. ఖరీదు కన్నా అమరిక ముఖ్యం. శబ్దంతో దెబ్బతిన్న చెవికి చిన్న ధ్వని వినబడదు, పెద్ద ధ్వని భరించలేనిదవుతుంది. అన్నింటినీ ఒకేలా పెంచే యంత్రం తలనొప్పినే మిగులుస్తుంది. ఆడియోగ్రామ్‌ను బట్టి సన్నని ధ్వనులను మాత్రమే తగుమేరకు పెంచేలా డిజిటల్ యంత్రాన్ని సరిచేయించుకోవాలి. రెండు చెవులూ దెబ్బతింటే రెండింటికీ పెట్టుకోవడం మేలు.

సాయం ఎవరికి?

కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద 40 శాతం వికలాంగత ధ్రువపత్రం ఉండి, నెలసరి ఆదాయం 22,500 రూపాయలు మించని వారికి వినికిడి యంత్రం ఉచితంగా లభిస్తుంది. 60 ఏళ్లు దాటిన పేదలకు 2017లో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ పథకం ఉంది. సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం, హైదరాబాద్ కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉన్నాయి.

అయితే చిక్కంతా ఇక్కడే ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ కనీసం 60 డెసిబెల్స్ లోపం ఉంటేనే వినికిడి వికలాంగతగా పరిగణిస్తారు. మోత వల్ల చెవి పోయిన వారిలో బొంగురు ధ్వనులు బాగానే వినిపిస్తాయి కనుక సగటు అంత దూరం పోదు. మాట అర్థం కాని మనిషికి ధ్రువపత్రం రాదు. శబ్దజనిత వినికిడి లోపాన్ని ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలు వృత్తి వ్యాధిగా గుర్తించింది. కానీ చిన్న చిన్న కార్ఖానాల్లో కూలికి పనిచేసిన వారి చేతిలో ఏ కాగితమూ ఉండదు. పనిచేసిన చోటు, సంవత్సరాల వివరాలు, పరీక్ష పత్రాలు ఇప్పటి నుంచే భద్రపరచుకోవడం అవసరం.

యంత్రంతో కాపురం

పెట్టుకున్న మొదటి రోజే అంతా సర్దుకుంటుందని ఆశించరాదు. గిన్నెల చప్పుడు, ఫ్యాను గాలి, సొంత అడుగుల సవ్వడి కూడా చెవిలో పడి చికాకు పుడుతుంది. చాలామంది యంత్రాన్ని అటక మీద పడేసేది ఈ దశలోనే. మొదట ఇంట్లో నిశ్శబ్దంగా ఉన్నప్పుడు గంటో రెండు గంటలో, తర్వాత మెల్లగా సమయం పెంచుకుంటూ పోవాలి. మెదడు అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది. రెండు మూడుసార్లు ఆడియాలజిస్టు వద్ద సరిచేయించుకోక తప్పదు. ఈల వంటి కూత వస్తుంటే చెవి అచ్చు వదులైందని గ్రహించాలి.

జింక్ బ్యాటరీపై ఉన్న కాగితం తీస్తే అది ఖర్చవడం మొదలవుతుంది. అవసరమైనప్పుడే తీయాలి. రాత్రిపూట బ్యాటరీ మూత తెరిచి ఉంచాలి. చెమట, వాన, దూది ధూళి యంత్రానికి శత్రువులు. మెత్తని పొడిగుడ్డతో తుడిచి, తేమ పీల్చే గుళికలున్న డబ్బాలో పెట్టాలి.

అన్నింటికన్నా ముఖ్యం, యంత్రం పెట్టుకుని సాంచాల మధ్యకు పోరాదు. అది మోతను ఇంకా పెంచుతుంది. ఆపి పెట్టుకున్నా రక్షణ కవచం కాదు. పనిలో ఇయర్ మఫ్‌లు గానీ ప్లగ్గులు గానీ వాడాలి. చెవిలో దూది కుక్కుకుంటే చాలదు.

ఇంటివారి పాత్రా తక్కువేమీ కాదు. వెనుక నుంచి అరవకుండా, ఎదురుగా వచ్చి, ముఖం కనబడేలా, మామూలు గొంతుతో నిదానంగా మాట్లాడాలి. టీవీ ఆపి మాట్లాడితే సగం కష్టం తీరుతుంది.

పైన చెప్పిన కార్మికుడు ఇప్పుడు చెవి వెనుక యంత్రంతో కనిపిస్తున్నాడు. సంతలో ఇంకా ఇబ్బందేనట. 'మనవరాలు ఫోన్‌ల మాట్లాడితే మాత్రం సమజైతుంది' అంటున్నాడు. అతని కొడుకు అదే కార్ఖానాలో పనిచేస్తున్నాడు. చెవులకు ఏ రక్షణా లేదు.