ఇంటి వ్యాపారానికి ఏ ఖాతా?

శ్రావణ మాసం పెళ్ళిళ్ళ రోజుల్లో జరిగిన సంగతి ఇది. కడపలో మా వీధిలో ఒక అమ్మాయి ఇంట్లోనే మగ్గం బిగించుకుని బ్లౌజుల మీద జర్దోసీ, పూసల పని చేస్తుంది. చిన్నతనంలో నా దగ్గర ఖుర్ఆన్ చదువుకున్న పిల్ల. చేతిలో మంచి పని ఉంది, నోట మంచి మాట ఉంది. అందుకే ముస్లిములూ, హిందువులూ అందరూ ఆమె ఇంటికి వస్తారు. ఆ నెలలో ఆరుగురు ఆర్డర్లు ఇచ్చి, తలా 2,000 రూపాయలు బయానా ఇచ్చారు. ఆమెకు సొంత ఖాతా లేదు. ఆ 12,000 ఫోను ద్వారా భర్త ఖాతాలోకి వెళ్ళాయి.

అయిదో తేదీన భర్త మోటారు సైకిలు వాయిదాను బ్యాంకు తనంతట తానే కోసుకుంది. ఆ వారంలోనే అత్తగారికి జ్వరం వచ్చి ఆసుపత్రి ఖర్చు పడింది. జరీ, కుందన్లు కొనబోయేసరికి ఖాతాలో మిగిలింది 400 చిల్లర. పెళ్ళి ముహూర్తాలు ఆగవు కదా! చివరికి నూటికి మూడు రూపాయల వడ్డీకి 5,000 తెచ్చి పని పూర్తి చేసింది.

ఇందులో ఎవరూ దొంగతనం చేయలేదు. ఎవరి నియ్యతూ చెడ్డది కాదు. అయినా పని కోసం ఇచ్చిన సొమ్ము మరో దారిన పోయింది. వడ్డీకి ఆమడ దూరం ఉండాలనుకున్న ఇల్లు వడ్డీలోనే పడింది.

కొన్నాళ్ళకు ఆమె మా ఇంటికి వచ్చి అడిగింది: "మౌల్వీసాబ్, నా పేరున ఖాతా తెరవాలనుకుంటున్నాను. గునాహ్ లేని ఖాతా ఏదో చెప్పండి."

"అది కూడా చూద్దాం బేటీ. దానికంటే ముందు, ఖాతా వేరుగా ఉండటం ముఖ్యం" అన్నాను. నేను బ్యాంకు ఉద్యోగిని కాను, పిల్లలకు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. నా భార్యను, ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని రెండు మూడు బ్యాంకులు తిరిగాను. ఆ తిరుగుడులో తెలుసుకున్నది మన ఇళ్ళలో పచ్చళ్ళు పెట్టేవారికీ, బట్టలు కుట్టేవారికీ, ట్యూషన్లు చెప్పేవారికీ పనికివస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

అమానతు మాట

మహాప్రవక్త ముహమ్మద్ (స) మక్కా వదిలి మదీనాకు హిజ్రత్ చేసిన రాత్రి సంగతి మనందరికీ తెలుసు. ప్రాణం తీయాలని చూస్తున్న ఊరివారి సొమ్మే ఆయన దగ్గర అమానతుగా ఉంది. వాటిని ఎవరివి వారికి అప్పగించి రమ్మని హజ్రత్ అలీ (ర)ని వెనుక ఉంచారు. ఎవరి వస్తువు ఏదో విడివిడిగా తెలిసి ఉంటేనే కదా అలా అప్పగించగలిగేది!

బయానా డబ్బు చేతికి వచ్చినా, పని అప్పగించే వరకు అది మన మెడ మీద బాధ్యతే. దానిని ఇంటి ఖర్చులో కలిపితే ఎంత మన కష్టం, ఎంత ఇంకా చేయవలసిన పని అన్నది చెరిగిపోతుంది. ఖుర్ఆన్‌లో అన్నింటికంటే పొడవైన ఆయత్ అల్ బఖరా సూరాలోని 282వది. అది నమాజు గురించో, ఉపవాసం గురించో కాదు, అప్పు వ్యవహారాలను రాసిపెట్టుకోవడం గురించి. వేరు ఖాతా కూడా అలాంటి రాతే. వచ్చినది, పోయినది తేదీతో సహా బ్యాంకే రాసిపెడుతుంది.

రెండు రకాల ఖాతాలు

మన దేశంలో ఇంటి వ్యాపారానికి ఎదురయ్యేవి ముఖ్యంగా రెండు ఖాతాలు. ఒకటి సేవింగ్స్, రెండోది కరెంటు ఖాతా.

సేవింగ్స్ ఖాతా మనిషి తన పొదుపు దాచుకోవడానికి. దానిలో వడ్డీ పడుతుంది. 2010 ఏప్రిల్ 1 నుంచి ఆ వడ్డీని రోజువారీ నిల్వ మీద లెక్కగడుతున్నారు. అంటే పది రోజులు ఉంచిన డబ్బుకు కూడా వడ్డీ వస్తుంది. వద్దనుకున్నా పాసుపుస్తకంలో ఆ పంక్తి కనబడుతుంది. దానిని సొంతానికి వాడుకోకుండా, బ్యాంకుకూ వదిలేయకుండా, సవాబు ఆశించకుండా పేదలకు ఇచ్చివేయమని మన దేశపు ఉలమాలలో ఎక్కువమంది చెబుతారు. దానిని జకాత్ కింద జమకట్టుకోవడం కుదరదు.

కరెంటు ఖాతా వ్యాపారుల కోసం ఏర్పడింది. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం దానిపై బ్యాంకు వడ్డీ ఇవ్వరాదు. మన అమ్మాయి అడిగిన ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే దొరికింది. వడ్డీ వద్దనుకునే వారికి ఈ దేశంలో తేలికైన దారి కొత్తగా పుట్టవలసిన పని లేదు, ప్రతి బ్యాంకులోనూ పాతకాలం నుంచీ ఉంది. పైగా మన వ్యాపారం పేరు మీద, ఉదాహరణకు ఫలానా మగ్గం వర్క్స్ అని, ఖాతా తెరవవచ్చు. డబ్బు పంపేవారికి ఆ పేరు కనబడితే నమ్మకం కూడా పెరుగుతుంది.

సేవింగ్స్ ఖాతాను వ్యాపారానికి వాడుకోకూడదన్నది నియమం. మొదటి కొద్ది నెలలు, పని ఇంకా నిలదొక్కుకోనప్పుడు, చాలామంది సేవింగ్స్ ఖాతాతోనే నెట్టుకొస్తారు. కానీ రోజూ పదిమంది నుంచి డబ్బు వచ్చి పడుతుంటే బ్యాంకు ప్రశ్నలు వేస్తుంది, ఖాతాను ఆపి ఉంచవచ్చు కూడా. సీజను మధ్యలో అలాంటి చిక్కు వస్తే మగ్గం మీద పని అక్కడే ఆగుతుంది.

సరాసరి నిల్వ లెక్క

మరి అందరూ కరెంటు ఖాతానే ఎందుకు తెరవరు? కనీస నిల్వ భయం. సేవింగ్స్ కంటే కరెంటు ఖాతాలో ఉంచవలసిన డబ్బు సాధారణంగా ఎక్కువ. బ్యాంకుకూ బ్యాంకుకూ, ఒకే బ్యాంకులో ఒక రకం ఖాతాకూ మరో రకానికీ తేడా ఉంటుంది. తగ్గితే జరిమానా, దానిపై 18 శాతం జి.ఎస్.టి.

అయితే చాలా బ్యాంకులు అడిగేది ప్రతిరోజూ ఉండవలసిన నిల్వ కాదు, సరాసరి నిల్వ. ప్రతిరోజు సాయంత్రం మిగిలిన డబ్బునంతా కూడి, రోజుల సంఖ్యతో భాగిస్తారు. నెలకు సరాసరి 10,000 కావాలనుకోండి. 10 రోజులు 24,000 చొప్పున, మిగిలిన 20 రోజులు 3,000 చొప్పున ఉంటే మొత్తం 3,00,000 అవుతుంది. 30తో భాగిస్తే సరిగ్గా 10,000. బయానాలు వచ్చిన వారం సరుకు కొనేవరకు డబ్బును కదపకపోతే సరాసరి దానంతటదే నిలబడుతుంది. కొన్ని బ్యాంకులు నెలకు, కొన్ని మూడు నెలలకు లెక్క చూస్తాయి. ఆ మాట ముందే అడగాలి.

ఇంత నిల్వ ఉంచలేని వారు ఏం చేయాలి? తక్కువ నిల్వతో ఉండే కరెంటు ఖాతా ఏ బ్యాంకులో ఉందో నాలుగు చోట్ల అడగాలి. తపాలా శాఖ వారి పేమెంట్స్ బ్యాంకు పోస్ట్‌మన్ ద్వారా ఇంటి గడప దగ్గరే సేవ చేస్తుంది. బయటకు వెళ్ళడం కష్టమైన మహిళలకు అది వీలు. కాకపోతే పేమెంట్స్ బ్యాంకు ఖాతాలో రోజు ముగిసేసరికి 2 లక్షలకు మించి ఉంచరాదు.

ఇక 2014 ఆగస్టు 28న మొదలైన జన్ ధన్ ఖాతాకు కనీస నిల్వ అక్కరలేదు. అది సేవింగ్స్ ఖాతా. ఇంటి ఆడపిల్ల తన సొంత సొమ్ము దాచుకోవడానికి మంచిది. అయితే సరైన గుర్తింపు పత్రాలు లేకుండా తెరిచే చిన్న ఖాతాకు హద్దులున్నాయి. నిల్వ 50,000 దాటరాదు, ఏడాదిలో జమ 1 లక్ష దాటరాదు, నెలలో తీసేది 10,000 దాటరాదు. ఆధార్, పాన్ ఇచ్చి పూర్తి ఖాతా తెరవడమే మేలు.

ఏ కాగితాలు కావాలి?

కరెంటు ఖాతాకు ఆధార్, పాన్, ఫోటోలతోపాటు వ్యాపారం నడుస్తున్నదనడానికి రెండు ఆధారాలు అడుగుతారు. రెండూ సమకూర్చడం వీలుకాదని బ్యాంకుకు నమ్మకం కుదిరితే ఒకదానితో సరిపెట్టవచ్చు. 2020 జూలై 1 నుంచి వచ్చిన ఉద్యం రిజిస్ట్రేషన్ ఇందుకు పనికివస్తుంది. ప్రభుత్వ పోర్టల్‌లో అది పూర్తిగా ఉచితం. మేము వెళ్ళిన ఒక ఇంటర్నెట్ దుకాణంలో "ప్రభుత్వ ఫీజు" అంటూ 1,500 అడిగారు. నమస్కారం చెప్పి బయటకు వచ్చాం. టైపు చేసినందుకు కూలి ఇవ్వండి, లేని ఫీజు ఇవ్వకండి. తినుబండారాలు చేసి అమ్మేవారికి ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. రిజిస్ట్రేషన్ కూడా అవసరం.

సంతకం పెట్టే ముందు

బ్యాంకు బల్ల దగ్గర మొహమాటపడకుండా ఈ ప్రశ్నలు అడగండి. సరాసరి నిల్వ ఎంత, తగ్గితే జరిమానా ఎంత? నెలకు ఎంత నగదు ఉచితంగా జమ చేయవచ్చు? చెక్కు పుస్తకానికి, ఎస్.ఎం.ఎస్.లకు, కార్డుకు ఏడాదికి ఎంత కోస్తారు? డబ్బు పడినప్పుడు మోగే పెట్టెకు నెల అద్దె ఉందా? మామూలు క్యు.ఆర్. కాగితం అతికించుకుంటే ఆ అద్దె లేదు.

మరో మాట. కరెంటు ఖాతాతోపాటు ఓవర్‌డ్రాఫ్ట్ ఇస్తామని కొందరు ముద్దుగా చెబుతారు. అది కానుక కాదు, వడ్డీ అప్పు. కావలసిన ఫారంలో తప్ప మరో కాగితంలో సంతకం చేయకండి.

ఖాతాకు కలిపే ఫోను నంబరు వ్యాపారం చేసే మనిషిదే అయి ఉండాలి. మా అమ్మాయి మొదట భర్త నంబరే రాయబోయింది. అప్పుడు డబ్బు వచ్చిన కబురు ఆమెకు కాక అతనికి చేరుతుంది. "నా బయానా పడిందా?" అని సాయంత్రం వరకు ఎదురుచూడాలి. ఖాతా ఆమెది అయితే కబురూ ఆమెదే కావాలి. భర్తను నమ్మకపోవడం కాదు ఇది. లెక్క చెప్పవలసిన మనిషి చేతిలో లెక్క ఉండటం.

డబ్బు పుచ్చుకోవడానికి పిన్ను ఎన్నడూ అవసరం లేదు. "ఆర్డరు డబ్బు పంపుతున్నాను, పిన్ను కొట్టండి" అన్నవాడు మోసగాడు. పొరపాటు జరిగితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి.

నామినీ పేరు తప్పకుండా రాయించాలి. కాని నామినీ వారసుడు కాదు. సొమ్ము అందుకుని హక్కుదారులకు పంచవలసిన అమానతుదారు మాత్రమే. ఈ తేడా తెలియక అన్నదమ్ముల మధ్య మాటలు పెరిగిన ఇళ్ళు ఉన్నాయి.

హలాల్ బోర్డులు చూసి

వడ్డీ లేని బ్యాంకు వస్తే బాగుండునని మనలో చాలామంది ఎదురుచూశారు. ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకువెళ్ళరాదని రిజర్వు బ్యాంకు నిర్ణయించినట్లు 2017లో తెలియవచ్చింది. కనుక ఎవరైనా హలాల్ పేరు చెప్పి, నెలనెలా ఇంత లాభం ఖాయమని వ్యాపార సొమ్ము అడిగితే, అది బ్యాంకు కాదని గుర్తుంచుకోండి. లాభం ముందే ఖాయమైతే అందులో వ్యాపారమెక్కడ? బీమా రక్షణ ఉన్న బ్యాంకులో ఒక్కో ఖాతాదారుకు 5 లక్షల వరకు భద్రత ఉంది. 2020 ఫిబ్రవరి 4 నుంచి ఈ పరిమితి అమలులో ఉంది. మనిషి సొంత ఖాతా, ఒంటరి వ్యాపార ఖాతా ఒకే బ్యాంకులో ఉంటే రెండూ కలిపే ఆ 5 లక్షలు.

చివరికి ఏమైంది?

మూడో బ్యాంకులో తక్కువ నిల్వ కరెంటు ఖాతా దొరికింది. ఆమె తన మగ్గం పేరున తెరిచింది. సొంతానికి జన్ ధన్ ఖాతా వేరే ఉంచుకుంది. బయానాలన్నీ కరెంటు ఖాతాలో పడతాయి. సరుకు అక్కడి నుంచే కొంటుంది. బ్లౌజు అప్పగించిన తర్వాతే తన కూలిని సొంత ఖాతాకు మార్చుకుంటుంది. ఇంటికి ఇవ్వవలసింది అక్కడి నుంచి ఇస్తుంది. వడ్డీకి తెచ్చిన 5,000 కూడా నాలుగు నెలల్లో తీర్చివేసింది.

రమజాన్‌లో జకాత్ లెక్క చూసుకోవడానికి ఆమె పుస్తకం తెచ్చింది. ఖాతాలో నగదు, ఇంట్లో ఉన్న జరీ, పూసల ధర, రావలసిన బాకీలు, ఇవ్వవలసిన అప్పులు. అన్నీ ఒక కాగితం మీదికి వచ్చాయి. నిసాబు దాటి చాంద్రమాన సంవత్సరం గడిచిన సొమ్ముకు రెండున్నర శాతం తీయడం పావుగంట పని అయింది. గత ఏడాది ఈ లెక్కకే ఆమె రెండు రాత్రులు కూర్చుని, చివరికి అందాజాగా ఇచ్చిందట.

హజ్రత్ ఖదీజా (ర) మక్కాలో పేరున్న వ్యాపారి. ఆమె సరుకుతో షామ్ వెళ్ళివచ్చిన యువకుడి నిజాయితీ చూసే ఆయనను గౌరవించారు. ఆ యువకుడే తర్వాత దైవప్రవక్త (స) అయ్యారు. మన ఇళ్ళలో మగ్గం ముందు, కుట్టు మిషను ముందు కూర్చున్న ఆడపిల్లలు ఆ దారిలో నడుస్తున్నవారే. ఈ వారం వారిని వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్ళండి. ఖాతా వారి పేరున, కబురు వారి ఫోనుకు, బయానా వేరుగా ఉండేలా చూడండి. బర్కత్ ఇచ్చేవాడు అల్లాహ్. లెక్క సరిగా ఉంచుకోవడం మన పని.